మూడో ప్రమాద హెచ్చరిక

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. వానాకాలం మొదలైందంటే మా ఏజెన్సీలో ఈ అంకెలే పలకరింపులు. "ఎంతుందంట?" అని ఎవరైనా అడిగితే, దేని సంగతని ఎదుటివాడు తిరిగి అడగడు. "41. పెరుగుతోంది" అంటాడు, గొడుగు ముడుచుకుంటూ. చర్ల బస్సులో కండక్టరుకు తెలుసు, టీ కొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడికి తెలుసు. ఎగువన ఇంద్రావతి, ప్రాణహిత ఎంత నీరు తెస్తున్నాయో, దిగువన కూనవరం దగ్గర శబరి ఎదురుతన్నుతోందో లేదో అక్షరం రాని ముసలమ్మ కూడా చెబుతుంది.

1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3. ఆ రెండోసారి నేను ఇక్కడే ఉన్నాను. పర్ణశాలలో ముందు సీతవాగు పొంగింది. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చూపించే బండలు, పసుపు కుంకుమల మరకలని యాత్రికులకు చెప్పే రంగు రాళ్లు ఒక్కొక్కటీ మునిగాయి. బొమ్మల కొట్లవాళ్లు సరుకు మూటలు కట్టుకుని అప్పటికే మెరకకు చేరారు. ఆ వరదకు ఏటి ఒడ్డున ఊళ్లకు ఊళ్లు నీళ్లలో నిలబడ్డాయి. ఇళ్లు పోయాయి, పంటలు పోయాయి. మనుషులు మాత్రం దాదాపు అందరూ బయటపడ్డారు. నీళ్లు వస్తున్నాయని ఎవరో ఒకరు ముందే గుమ్మంలోకొచ్చి చెప్పారు గనక.

నేను ఈ అడవి అంచున ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పినవాణ్ని. నా ఎదురుగా బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఎవరికి 43 దాటిందో, ఎవరు 48 దగ్గర ఊగుతున్నారో నాకెప్పుడైనా తెలిసిందా? తెలియలేదు. ఆ తెలియకపోవడం గురించే ఇదంతా రాస్తున్నాను.

కౌన్సెలింగ్ అనే మాట మన తెలుగిళ్లలో ఎలా వినబడుతుందో గమనించండి. "కౌన్సెలింగ్ ఎప్పుడు?" అంటే ఎంట్రన్స్ ర్యాంకు పట్టుకుని సీటు కోసం ఆప్షన్లు పెట్టుకునే రోజు ఎప్పుడని. "కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు" అంటే తాగి బండి నడిపినవాణ్ని పోలీసులు మందలించి వదిలేశారని. మా టీచర్ల మధ్య కౌన్సెలింగ్ అంటే బదిలీలు. ఇన్ని అర్థాల్లోనూ ఒకరు బల్లకు అటువైపు ఉంటారు, ఒకరు ఇటువైపు నిలబడి ఉంటారు. పక్కన కూర్చుని వినడమనే అర్థం ఆ మాటకు మన దగ్గర ఇంకా పట్టలేదు. దానికి మనకు సొంత మాటలే ఉన్నాయి. గోడు వెళ్లబోసుకోవడం అంటాం, మనసు విప్పి చెప్పుకోవడం అంటాం. పిల్లవాడు ఇంటిపట్టున ఉన్నప్పుడు అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో, కనీసం పశువుల వెంట వెళ్లే జతగాడి దగ్గరో అది జరిగిపోయేది. పదిహేనేళ్లకే పెట్టె సర్దించి హాస్టల్లో దింపి వచ్చాక, వెళ్లబోసుకోవడానికి వాడికి చోటేదని మనం అడగలేదు. ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని వచ్చాయి, భోజనం ఎలా ఉంటుంది అని మాత్రం అడిగాం.

పర్ణశాలలో యాత్రికులకు బంగారు లేడి బొమ్మ చూపిస్తారు. సన్యాసి వేషంలో వచ్చిన రావణుడి బొమ్మ చూపిస్తారు. ఏటి అవతలి గుట్ట మీద రథం ఆపాడని చెయ్యి చాచి చెబుతారు. అందరూ ఆ లేడి బొమ్మ దగ్గర ఫోటో దిగుతారు. ఆ లేడి ఎవరో గుర్తుచేసుకుంటే నాకు ఇప్పుడు కడుపులో దేవినట్టవుతుంది. మారీచుడు ముందు రావణుడికి హితం చెప్పాడు. రామబాణం దెబ్బ ఒకసారి తిన్నవాడు కాబట్టి తెలిసే చెప్పాడు, ఈ పని వద్దు, లంక మిగలదని. వినకపోగా, నా మాట కాదంటే నేనే చంపుతానన్నాడు రావణుడు. ఎటు చూసినా చావే అనుకుని లేడి రూపంలో వచ్చాడు. అంటే ఈ అడవిలో ముందు నేలకూలింది మంచి చెప్పిన మనిషే. ఆ తర్వాత అడ్డుపడిన జటాయువు కూలాడు. అతను పడిన చోటని భద్రాచలం పక్కనే ఉన్న ఏటపాకను చూపిస్తారు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఊరు అది. చెప్పేవాడూ లేక, అడ్డుపడేవాడూ లేక, సీతమ్మ ఒక్కతే ఆకాశంలో కేకలు వేస్తూ పోయింది. ఈ ఘట్టం పాఠంలో వచ్చిన ప్రతిసారీ నేను ఛందస్సు చెప్పాను, అలంకారాలు చెప్పాను, పరీక్షలో ఏ ప్రశ్న పడుతుందో చెప్పాను. ఒంటరిగా మిగలడమంటే ఏమిటో ఆ పిల్లలతో ఒక్కరోజూ మాట్లాడలేదు. వాళ్లలో సగం మంది పదేళ్ల వయసు నుంచి ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరిగినవాళ్లు. దాని గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

చదువుకునే పిల్లల విషయంలో మన తెలుగు నేలకు మొదటి హెచ్చరిక ఎప్పుడు వచ్చిందంటే నేను 2001 అంటాను. రెసిడెన్షియల్ కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీ వేసింది. పదహారేళ్ల తర్వాత, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీ వేసింది. అవే గదులు, అవే తెల్లవారకముందు మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు. ఏటికీ దీనికీ తేడా ఒక్కటే. గోదావరికి హెచ్చరిక వరదకు ముందు ఇస్తారు. పిల్లలకు పాడె లేచాక కమిటీ వేస్తారు.

రెండో హెచ్చరిక ఈ మధ్యలోనే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వచ్చింది. అది మరో రకం. అక్కడివాళ్లు పసివాళ్లు కారు, పరిశోధకులు. పీహెచ్‌డీ చేసేవాడికి గైడు అంటే పర్యవేక్షకుడు మాత్రమే కాదు. ఏం చదవాలో, ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పే ఒకే ఒక్క మనిషి. గైడు లేని పరిశోధకుడు సరంగు లేని లాంచీ లాంటివాడు. సెంథిల్ కుమార్ తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి వచ్చాడు. పందులు పెంచుకుని బతికే కులంలో పుట్టి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ దాకా ఎక్కినవాడు. అతనికి గైడును ఇవ్వలేదు. ఒక కోర్సు తప్పితే ఫెలోషిప్ ఆగింది. 2008 ఫిబ్రవరిలో అతను పోయాడు. యూనివర్సిటీ వినోద్ పావరాల అధ్యక్షతన కమిటీ వేసింది. గైడును ఎలా కేటాయిస్తారన్నదాంట్లోనే స్పష్టత లేదని, ఆ అస్పష్టత బరువు ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీదే పడుతోందని ఆ కమిటీ ఎత్తిచూపింది. ఆరేళ్లు తిరగకముందే, 2013లో, అదే ప్రాంగణంలో మరో పరిశోధక విద్యార్థి పోయాడు. అతనికీ చాలాకాలం గైడును కేటాయించలేదని తోటివాళ్లు గొంతు చించుకున్నారు.

ఆ తర్వాత అక్కడి పరిశోధకుడే, రోహిత్ వేముల. కార్ల్ సేగన్‌లా సైన్స్ రాయాలనుకున్నవాడు. ఆయన పేరు చుట్టూ జరిగిన రాజకీయమంతా అందరికీ తెలుసు, దానిలోకి నేను పోను. నన్ను పట్టి పీడించేది ఒక తేదీ. 2015 డిసెంబరు 18న ఆయన వైస్ ఛాన్సలర్‌కు ఒక లేఖ రాశాడు. దళిత విద్యార్థులుగా తాము ఎంత నిస్పృహలో ఉన్నామో దాచుకోకుండా, నిప్పులాంటి వెటకారంతో రాశాడు. అలాంటి లేఖ చదివినవాడికి వెంటనే లేచి ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలనిపించాలి. 2016 జనవరి 17కి, సరిగ్గా నెల రోజులకు, రోహిత్ లేడు. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. కొలబద్ద మీద అంకె కనబడినంత స్పష్టంగా, కాగితం మీద, సంతకంతో సహా వచ్చిన హెచ్చరిక అది.

ఇక మూడోది. దీన్ని నేను దూరం నుంచి చూడలేదు.

2019 ఏప్రిల్ 18, గురువారం. భద్రాచలంలో రాములవారి కల్యాణం జరిగి వారం కూడా కాలేదు. చలువ పందిళ్లు ఇంకా పూర్తిగా విప్పలేదు. ఆ సాయంత్రం తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాష్ట్రమంతా రెండు సంవత్సరాలూ కలిపి 9 లక్షలకు పైగా రాస్తే 3 లక్షలకు పైగా తప్పారు. ఏటా తప్పేవాళ్లు ఉంటారు, అది కొత్త కాదు. కొత్తదేమిటంటే ఆ రాత్రికే జనానికి ఏదో తేడాగా ఉందని అర్థమైపోయింది. పరీక్ష రాసినవాడికి రాయలేదని వచ్చింది. మొదటి సంవత్సరంలో తొంభైల్లో తెచ్చుకున్నవాళ్లకు రెండో సంవత్సరంలో ఒకటీ రెండూ వచ్చాయి. ఫలితాలు తయారుచేసే పని ఆ దఫా గ్లోబరీనా అనే ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. మార్కుల మెమోల్లో తప్పుల కుప్ప తేలింది.

మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. తెలుగులో సున్నా! ఈ సబ్జెక్టు చెప్పినవాడిగా అంటున్నాను, పేపరు మీద ఊరికే ఏదో ఒకటి రాసినా తెలుగులో సున్నా రావడం కష్టం. తిరిగి తీసి చూస్తే ఆమెకు వచ్చింది 99. దిద్దినవాళ్లు ఓఎంఆర్ షీటులో రెండు తొమ్మిదులు నింపాల్సిన చోట రెండు సున్నాలు నింపారు. రెండు గళ్లు తప్పాయి, అంతే. దిద్దిన టీచరుకు 5,000 రూపాయల జరిమానా పడింది, ఉద్యోగమూ పోయింది. ఆ అమ్మాయి అదృష్టవంతురాలు. వెంటబడి అడిగే తల్లిదండ్రులున్నారు, రాసే పత్రికలున్నాయి.

అందరికీ అలా లేరు. ఫలితాలు వచ్చిన గంటల్లోనే వార్తలు మొదలయ్యాయి. నిజామాబాద్ అన్నారు, వరంగల్ అన్నారు, హైదరాబాద్ శివార్లలో అన్నారు. రోజుకు ఇద్దరు, ముగ్గురు. వారం పది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు పోయారు. వాళ్ల పేర్లు నేనిక్కడ రాయను. పత్రికల్లో పడిన ఆ పాస్‌పోర్టు సైజు ఫోటోలు అన్నీ ఒకేలా ఉండేవి. నీలం రంగు వెనకతెర, నూనె పెట్టి దువ్విన తల, మెడ దాకా పెట్టిన గుండీ. హాల్‌టికెట్ కోసం తీయించుకున్న ఫోటోలు అవి. మా కాలేజీలో ప్రతి డిసెంబరులో అలాంటివి వందల కొద్దీ నా చేతుల్లోంచి వెళ్లేవి. ఫోటో వెనక పేరు రాసి, జిగురు పూసి, అంటించేవాణ్ని.

నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు తల్లిదండ్రులు రోజుల తరబడి నిలబడ్డారు. కొందరు చేతుల్లో ఆ ఫోటోలే పట్టుకున్నారు. పోలీసులు లాగి వ్యానులెక్కించారు. ప్రభుత్వం ముగ్గురు నిపుణులతో కమిటీ వేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇచ్చింది. ఏప్రిల్ 24న ముఖ్యమంత్రి ప్రకటించారు, తప్పినవాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూస్తామని. నెల తర్వాత ఆ లెక్క తేలింది. తప్పారని ప్రకటించినవాళ్లలో 1,137 మంది నిజానికి పాసయ్యారు.

ఆ తర్వాత వాదమంతా ఎటు తిరిగిందో నాకు బాగా గుర్తుంది. పోయినవాళ్లు నిజంగా తప్పారా, పాసయ్యారా అన్నది వాదమైంది. పోయినవాళ్లు తప్పినవాళ్లేనని తేలితే ఎవరి మీదా నింద ఉండదన్నట్టు మాట్లాడారు కొందరు. లెక్కలు సరిచేయాల్సిందే, ఒక్క మార్కు కూడా వదలకుండా సరిచేయాల్సిందే. కానీ నిజంగానే తప్పిన పిల్లవాడి సంగతేమిటి? వాడికి ఆ రాత్రి ఎవరు కావాలి? ఈ ప్రశ్న ఆ నెలంతా నేను ఏ చర్చలోనూ వినలేదు. నేను కూడా అడగలేదు.

ఆ 18వ తారీకు సాయంత్రం రోడ్డు పక్క నెట్ సెంటర్ దగ్గర ఉన్నాను నేను. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఇన్వర్టరు మీద ఒక్క కంప్యూటరు నడుస్తోంది. పర్ణశాల అవతలి ఊరి నుంచి వచ్చే మా విద్యార్థి ఒకడు, కోయ పిల్లవాడు, సీఈసీ రెండో సంవత్సరం, ప్రింటు తీసిన కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. ఎకనామిక్స్ తప్పాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. మడతలు విప్పి చూశాడు. మళ్లీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టాడు. అలా నాలుగైదు సార్లు.

వాళ్ల నాన్న కాసేపటికి వచ్చాడు. తునికాకు రోజులు, తెల్లవారకముందే అడవిలోకి పోయి వచ్చిన మనిషి. వేళ్లు నల్లబడి ఉన్నాయి. "మావోడు తప్పాడంటన్నారు సారూ. ఇంక అయిపోయినట్టేనా?" అన్నాడు. లేదు, సప్లిమెంటరీ ఉంటుంది, మళ్లీ రాయొచ్చు అన్నాను. పేపరు మళ్లీ చూపించుకోవచ్చు, 600 రూపాయలు కట్టాలి అన్నాను. అప్పటికింకా ఉచితమని ప్రకటించలేదు. 600 అనగానే ఆయన పెదవులు కదిలాయి. 50 ఆకులకు ఒక కట్ట. ఎన్ని కట్టలవుతాయో లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆయనతో పది నిమిషాలు మాట్లాడాను. ఆఖరు తేదీలు చెప్పాను, ఎక్కడ కట్టాలో చెప్పాను. అంతసేపూ ఆ పిల్లవాడు మాకు వీపు చూపించి రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వాడితో ఒక్క మాట మాట్లాడలేదు నేను. "ఎట్లా ఉన్నావురా" అని కూడా అనలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు. నాకు తెలిసిన సహాయమంతా కట్టాల్సిన ఫీజు గురించీ, గడువు గురించీ.

ఉచితమని తెలిశాక ఫోన్ చేశాను. అందలేదు. ఆ ఊరు 12 కిలోమీటర్లు, నాకు బండి ఉంది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. మే నెలాఖరులో పునఃపరిశీలన ఫలితం వచ్చింది. వాడి మార్కులు మారలేదు. తప్పడం నిజమే. సప్లిమెంటరీకి రాలేదు. బోరు లారీ మీద పనికి వెళ్లాడని తర్వాత ఎవరో చెప్పారు. బతికి ఉన్నాడని విన్నప్పుడు నా కాళ్లలో వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది. ఎందుకు వణికానో అప్పుడు తెలిసింది. ఇన్ని వారాలూ నేను ఆ ఊరికి వెళ్లకపోవడానికి కారణం దూరం కాదు, అక్కడ ఏం వినాల్సివస్తుందోనన్న భయం.

మన దేశంలో 2021లో 13,089 మంది, 2022లో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే రోజుకు 35 మందికి పైగా, మా కాలేజీలో ఒక చిన్న సెక్షన్ అంత. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న ఒక బెంగాలీ అమ్మాయి చనిపోయింది. 17 ఏళ్లు. ఆమె తండ్రి విచారణ కోసం సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. ఆ కేసులోనే 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తు సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే చట్టం. 100 మంది గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి చోటా శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా రాసిపెట్టాలి. ఒక తండ్రి తన బిడ్డ కోసం వేసిన కేసు దేశంలో పిల్లలందరికీ ఒక ఆజ్ఞ తెచ్చింది. ఆ బిడ్డ పోయింది మన తెలుగు ఊళ్లోనే.

2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఏ వేళకైనా, డబ్బు కట్టక్కర్లేకుండా, తెలుగులో మాట్లాడతారు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా గుండెలో నీళ్లు పెరుగుతున్నట్టుంటే, లేదా మీ ఇంట్లో పిల్లలు మాట తగ్గించి ముడుచుకుంటున్నట్టుంటే, ఆ నంబరుకు చేయండి. పెరిగేదాకా ఆగకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. అయినా ఒక దిగులు నన్ను వదలడం లేదు. పర్ణశాల దాటి అడవిలోకి పోయేకొద్దీ ఫోనులో గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడు ఏడుపు వచ్చినప్పుడు కోయలోనే ఏడుస్తాడు. వందమందికి ఒకరు వచ్చేనాటికి, ఆ ఒక్కరికి "నీకు మనసు బాలేదా" అని కోయలో అడగడం వస్తుందా? మా కాలేజీలో పనిచేసినన్నాళ్లూ నాకు రాలేదు.

2022 వరదలో ఆ ఎకనామిక్స్ తప్పిన పిల్లవాణ్ని మళ్లీ చూశాను. పని మానుకుని ఊరికి వచ్చాడట. మనిషి గట్టిపడ్డాడు, గడ్డం వచ్చింది. ఆ రోజు నేను నా గదిలో పుస్తకాలు అటక మీదికి ఎక్కిస్తున్నాను. గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్లలో నిలబడి పిలిచాడు. "సార్, మూడోది కూడా ఇచ్చేశారు. ఇంక ఇక్కడుండొద్దు, రండి." పుస్తకాలు అన్నాను. "నేను ఎక్కిస్తా, మీరు ముందు ట్రాక్టరెక్కండి" అన్నాడు. నేను ఎక్కేదాకా చక్రం పక్కనే నిలబడ్డాడు. చెప్పులు జారితే వంగి తీసి ఇచ్చాడు. ఆ తర్వాత మళ్లీ లోపలికి వెళ్లాడు. నీళ్లు తీశాక వచ్చి చూస్తే పుస్తకాలన్నీ అటక మీద ఉన్నాయి, నేను పెట్టినదానికంటే ఒద్దికగా.

ఆ మరుసటి ఏడు రిటైరయ్యాను. బీరువా అప్పజెప్పే రోజు అడుగు అరలో ఒక పొడుగాటి పుస్తకం దొరికింది. కౌన్సెలింగ్ రిజిస్టర్, 2018-19. ఒక్కో లెక్చరర్‌కు కొంతమంది పిల్లల్ని అప్పగించేవారు. వాళ్ల బాగోగులు కనుక్కుని అందులో రాయాలి. నా వంతు 32 మంది. గళ్లు వరసగా ఉన్నాయి: పేరు, సంతకం, విద్యార్థి చెప్పిన సమస్య, ఇచ్చిన సలహా. తనిఖీకి వస్తున్నారంటే ముందురోజు పిల్లల్ని వరసలో నిలబెట్టి సంతకాలు పెట్టించాను. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మిగతా గళ్లు నింపాను. సమస్య: లేదు. సలహా: బాగా చదవమని చెప్పడమైనది. 32 సార్లు, ఒకే పెన్నుతో.

పదిహేడో సంతకం వాడిది. తెలుగులో, ఇంటిపేరుతో సహా, పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టాడు. గడి చాలక చివరి అక్షరం పక్కనున్న సమస్య గడిలోకి వెళ్లింది. నేను దాని మీదే "లేదు" అని రాశాను.